ఎనిమిదో మేకు

మా అపార్ట్‌మెంట్‌లో ఇరవై రెండేళ్ళలో ఒక్క దొంగతనం జరగలేదు. అది తన సమర్థత అని సెక్రటరీ జగన్నాథరావు గారు చెప్పుకుంటారు. కింద ఫ్లాట్‌లో ఉండే సులోచనక్క వల్లనని మిగతా అందరికీ తెలుసు. తెలిసి కూడా ఆవిడ చేతిలోంచి ఆ పని తీసేద్దామని మొన్న వేసవిలో అందరం కలిసి తీర్మానం చేశాం. ఎత్తిన చేతుల్లో నాదీ ఒకటి.

మాది అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందు. ఎనిమిది ఫ్లాట్లు. బిల్డింగు కొత్తలో ఎవరో ఊరికి వెళుతూ, పనిమనిషి వస్తే ఇవ్వమని మెట్ల పక్కింటి సులోచనక్కకి తాళంచెవి ఇచ్చారు. వాళ్ళని చూసి ఇంకొకరు. ఏడాది తిరిగేసరికి ఏడిళ్ళ చెవులూ ఆవిడ కొంగుకి చేరాయి. నారాయణగూడలో ప్రింటింగ్ ప్రెస్సు చూసుకునే ఆవిడ భర్త కిషన్ రావు గారు ఆ బరువు చూడలేక ఒక టేకు పలక తెచ్చి తలుపు వెనక బిగించి ఎనిమిది మేకులు కొట్టారు. ఏడింటికి ఏడిళ్ళ చెవులు. ఎనిమిదోది వాళ్ళింటికి. కానీ ఇల్లాలు ఎప్పుడూ ఇంట్లోనే ఉంటే చెవి మేకుకెందుకు? దానికి క్యాలెండరు తగిలించారు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. వాళ్ళకి పిల్లలు లేరు. క్యాలెండరు ఏడాదికొకటి మారుతూ వచ్చింది.

చెవుల మీద పేర్లు ఉండేవి కావు. పేరు రాస్తే దొంగకి అడ్రసిచ్చినట్టేనని ఆవిడ వాదన. కరెంటు పోయిన చీకట్లో కూడా వేలితో పళ్ళు తడిమి, "గిది నీది, హారతీ" అని నా చెవి నా చేతిలో పెట్టేది. అయితే ఊరికే పెట్టేది కాదు. మంచినీళ్ళు తాగమనేది. ఎండలో గొడుగు లేకుండా వచ్చినందుకు తిట్టేది. ఏ ఇంటి పిల్లకి ఎన్ని మార్కులొచ్చాయో, ఎవరింటికి చుట్టాలొస్తున్నారో చెప్పేది, అడిగేది. రోజుకి పదిసార్లు ఆ తలుపు తట్టేవాళ్ళం. ఆవిడకి ఆ చప్పుడే లోకం. మాకది కాస్త విసుగు. చెవి కోసం వెళితే పావుగంట పట్టేది మరి.

ఇంకో విషయం చెప్పాలి. ఏడిళ్ళు తన గోడ మీద వేలాడుతున్నా, అడగకుండా ఆవిడ ఒక్క తలుపూ తీయలేదు. ఒకసారి మేం కుళాయి తిప్పేసి వెళ్ళిపోతే నీళ్ళు మెట్ల మీదికి వచ్చాయి. ఆవిడ మా ఆఫీసుకి ఫోను చేసి, "తెరవాల్నా?" అని అడిగి, నేను ఊఁ అన్నాకే తీసింది. అప్పటికి సోఫా నానిపోయింది. అడుగుతూ కూర్చుంటారా అని నేనే ఆవిడ మీద చిరాకుపడ్డాను. చేసిన మేలుకి మనమిచ్చే బహుమానాలు అలాగే ఉంటాయి.

జగన్నాథరావు గారికి తిక్క రేగింది ఒక శనివారం. ఇంటికి చుట్టాలని వెంటబెట్టుకొచ్చారు. భార్య వేదవతి గారు బయటికి వెళుతూ చెవి కింద ఇచ్చి వెళ్ళారు. కింద తలుపుకి చీటీ: "చిక్కడపల్లి గుడికి పోయిన. ఏడున్నరకు వస్త." ఇరిగేషన్‌లో పెద్ద అధికారిగా చేసి రిటైరైన మనిషి, చుట్టాలతో సహా మెట్ల మీద నలభై నిమిషాలు కూర్చున్నారు. ఎదురు హాస్టల్ కుర్రాళ్ళు చూశారు కూడా. మర్నాడే మీటింగు పెట్టారు.

"ఈ కాలంలో కూడా తాళంచెవి కోసం దేవుడి దర్శనం అయ్యేదాకా ఆగాలా? అందరం స్మార్ట్ లాకులు పెట్టించుకుందాం. బిల్డింగుకి రంగులెలాగూ వేయించాం, తలుపులన్నీ ఒకేలా ఉంటే ఆ అందమే వేరు" అన్నారాయన.

సులోచనక్క మెట్టు మీద కూర్చుని వింటోంది. "మీరూ ఒకటి పెట్టించుకోండి సులోచన గారూ" అన్నారు మర్యాదకి.

"నా ఇంటికంత తెలివెందుకు సార్? నేను ఉండనే ఉన్న గద" అంది ఆవిడ. అందరం నవ్వాం.

హైదర్‌గూడలో ఒక షోరూముకి ఆయనే వెళ్ళారు. ఏడు తలుపుల మందం ఆయనే టేపుతో కొలిచారు. బిగించడానికి నవీన్ అనే కుర్రాడు వచ్చాడు. వేదవతి గారు ఇరవై ఏళ్ళు చింతపండుతో తోమిన ఇత్తడి హ్యాండిల్ ఊడదీశాడు. దాని స్థానంలో నల్లటి పలకొకటి వచ్చింది. కొత్త తాళం పాత కన్నాన్ని పూర్తిగా కప్పలేదు. ఆ కన్నం మీద ఏడిళ్ళవాళ్ళం వినాయకుడి స్టిక్కర్లు అంటించుకున్నాం. అవి మాత్రం ఏ ఇంటివి ఆ ఇంటివే, ఒకదానికొకటి పోలికే లేదు.

ప్రతి తాళానికీ రెండు మామూలు చెవులిచ్చి నవీన్ మరీమరీ చెప్పాడు. "ఇవి ఇంట్ల పెట్టకుండ్రి మేడం. బ్యాటరీ అయిపోతే ఇదే దిక్కు. బయట ఎవరి దగ్గరన్న పెట్టుండ్రి." మేం బుద్ధిగా తలూపి, కొత్త వస్తువు కదా అని కుంకుమ బొట్టు పెట్టి, లోపల దేవుడి దగ్గర పెట్టుకున్నాం. ఆ రోజు కొత్త చెవి సులోచనక్కకి చూపించాను. ఆవిడ దాని పళ్ళు వేలితో తడిమి, "పండ్లు మంచిగున్నయి" అని తిరిగిచ్చింది. పాత చెవులు ఎవరివి వాళ్ళకి కొంగుతో తుడిచి మరీ అప్పజెప్పింది. ఏడు మేకులూ ఖాళీ అయ్యాయి.

ఆ తర్వాత నెల రోజులు నేనావిడ మొహం చూశానో లేదో గుర్తు లేదు. వేలు పెడితే తలుపు తెరుచుకుంటోంది. పావుగంట మిగులుతోంది. ఆ పావుగంటలో ఏం సాధించానని అడక్కండి.

మా తాళం వారం నుంచి కూనిరాగం తీస్తోంది. ఫ్రిజ్ అనుకున్నాం. ఒక మధ్యాహ్నం ఒంట్లో బాగాలేక ఆఫీసులో సెలవు పెట్టి వస్తే, వేలు పెట్టినా, అంకెలు నొక్కినా తలుపు ఉలకదు పలకదు. మా ఆయన కాచిగూడ స్టేషన్లో రైలెక్కి అప్పటికి మూడు గంటలయింది. నవీన్‌కి ఫోన్ చేశాను.

"కంపెనీ ఇచ్చిన బ్యాటరీ నెలకే అయిపోయింది మేడం. పరేషాన్ కాకుండ్రి. కింద సందుల పవర్ బ్యాంకు వైరు పెట్టుండ్రి, తెరుచుకుంటది."

"పవర్ బ్యాంకు లోపలుంది."

"మరి చాబీ?"

"అదీ లోపలే."

"రెండు గంటలల్ల వస్త మేడం" అన్నాడు.

జ్వరంతో రెండు గంటలు మెట్ల మీద కూర్చోలేక, సిగ్గు విడిచి కింద తలుపు తట్టాను. తీయడానికి ఎప్పుడూ లేనంత సేపు పట్టింది. సులోచనక్క గోడ పట్టుకుని కుంటుకుంటూ వచ్చింది. మోకాలు కాబోలనుకున్నాను. నన్ను చూసిన సంతోషంలో ఆవిడ తిట్టడం కూడా మరిచిపోయింది. మంచినీళ్ళిచ్చి, చేయి పట్టి చూసి, "ఒళ్ళు కాలుతున్నది బిడ్డా" అంది.

ఏడు మేకుల్లో ఒకదానికి చెవి వేలాడుతోంది. నా చూపు గమనించి గొంతు తగ్గించింది.

"వేదవతమ్మది. గిన్నెలు తోమి తోమి వేలి గీతలు అరిగిపోయినయి, తాళం ఆమె వేలును గుర్తు పడుతలేదు. సార్ పెట్టిన నంబరు యాదికుండదు. సార్‌కు చెప్పకుమని మొన్న ఇచ్చిపోయింది." ఆ చెవి తీసి వేళ్ళ మధ్య తిప్పింది. "హారతీ, నాకొక అనుమానం. నీది ఆ దినం పట్టుకున్న గద. ఇది పట్టుకుంటే గదే అనిపించింది. వయసైంది, వేళ్ళు మొద్దుబారినయి అనుకున్న. ఒకసారి చూద్దామా? నీ తలుపే గద, నువ్వు ఊఁ అంటే."

ఊఁ అన్నాను. రెండంతస్తులు రెయిలింగ్ పట్టుకుని ఆగి ఆగి ఎక్కింది. వేదవతి గారి చెవి మా తలుపులో పెట్టి తిప్పింది. తెరుచుకుంది.

నాకు జ్వరం దిగిపోయినట్టయింది. మిగతా తలుపులు కూడా చూద్దామన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "ఇంటోళ్ళు రానీ. అడగకుండ ఎట్ల తెరుస్తం?"

సాయంత్రం అందరూ వచ్చాక మెట్ల మీదే పంచాయితీ. జగన్నాథరావు గారు నమ్మలేదు. సులోచనక్క చెవి ఆయన చేతికే ఇచ్చింది. ఆయన తన తలుపు తీశారు, మా తలుపు తీశారు, పై అంతస్తులో రెండు తలుపులు తీశారు. ఐదో తలుపు దగ్గరికి వచ్చేసరికి చెవి మళ్ళీ సులోచనక్క చేతిలో పెట్టేశారు. అన్నట్టు, ఆ చెవి ఎవరిది, కింద ఎందుకుందని ఆయన అడగలేదు. వేదవతి గారు ఆయన వంక చూస్తున్న చూపుకి ఆయనకి అడిగే ధైర్యం లేకపోయింది.

బ్యాటరీ మార్చడానికి వచ్చిన నవీన్ చల్లగా చెప్పాడు. "ఫారంల సారే రాసిండ్రు గద, ఇల్లు ఒకటి, తలుపులు ఏడు అని. ఒక్క ఇంటి సెట్టుకు అన్నిటికి ఒకటే చాబీ ఉంటది. రేటు తక్కువ."

"ఇది అపార్ట్‌మెంటని నీకు కళ్ళకి కనపడలేదుటయ్యా?" అని అరిచారాయన.

"కనవడ్డది సార్. అన్నదమ్ములనుకున్న."

"ఏడిళ్ళూ కలిపి ఒకే ఇల్లని రాశారు, మా ఆయన జన్మలో చేసిన మంచి పని అదొక్కటే" అన్నారు వేదవతి గారు. ఎవరం నవ్వలేదు. లోపలి భాగాలు మార్చాలి, అవి కంపెనీ నుంచి రావడానికి నెల పడుతుందట. ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఇరవై రెండేళ్ళు ఏడు చెవులు ఒక మనిషి దగ్గర పెట్టి హాయిగా నిద్రపోయినవాళ్ళం, ఒకే చెవి ఏడుగురి దగ్గర ఉండేసరికి చెమటలు పట్టాయి. ఎవరి ఇంట్లో ఏముందని కాదు. మనలాంటి వాళ్ళే కదా పక్కింట్లోనూ ఉండేది, అదీ భయం.

చివరికి జగన్నాథరావు గారే గొంతు సవరించుకున్నారు. "సులోచన గారూ, ఈ నెల రోజులు పద్నాలుగు చెవులూ మీ దగ్గర ఉంచితే..."

ఆవిడ సరేనంది. దెప్పిపొడుస్తుందని చూశాను. దెప్పలేదు. దేవుడి గదుల్లోంచి చెవులు బొట్లతో సహా దిగివచ్చాయి. అందరూ అప్పజెప్పి వెళ్ళారు. నేను ఉండిపోయాను. ఆవిడ మేకుకి రెండు చొప్పున, ఏ ఇంటివి ఆ ఇంటి మేకుకే తగిలిస్తోంది.

"అన్నీ ఒకటే కదక్కా, ఏ మేకుకి ఏదైతేనేం?" అన్నాను.

"తాళంచెయ్యి ఒకటైనా ఇండ్లు వేరే గద" అంది. తగిలించడం అయ్యాక ఎనిమిదో మేకు మీది క్యాలెండరు తీసి మంచం మీద పెట్టింది. దాని వెనక పాత ఇత్తడి చెవొకటి ఉంది. అది తీసి నా చేతిలో పెట్టింది.

"ఇది నా ఇంటిది. నీ దగ్గర పెట్టుకో హారతీ."

నాకర్థం కాలేదు.

"పదిహేను దినాల కింద బాత్రూంల జారిపడ్డ. లేవరాలే. పొద్దున పడితే మధ్యాహ్నందాంక అట్లనే ఉన్న, ఎట్లనో పాకుకుంట బయటికొచ్చిన. ఇదివరకైతే ఎవరో ఒకరు తలుపు తట్టెటోళ్ళు. ఆ దినం ఎవ్వరు రాలే. ఒకవేళ వచ్చినా లోపలికెట్ల వస్తుండె? మీ అందరి తాళంచేతులు నా దగ్గరుండె. నాది ఎవ్వరి దగ్గర లేకుండె." కోపంగా అనలేదు, చీటీలో గుడికి పోయిన అని రాసినంత మామూలుగా అంది. "ఇరవై రెండేండ్లల నన్నెవ్వరు అడగలే. నేను కూడ ఇయ్యలే."

ఆ కుంటి నడకకి కారణం మోకాలు కాదు. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ముందు ఏడవడానికి కూడా మొహం చెల్లలేదు. "రోజూ పొద్దున వచ్చి తలుపు కొడతానక్కా" అని మాత్రం అన్నాను.

"కొట్టు. తెరువకపోతే నన్ను అడగకు. తాళం తీసుకొని వచ్చేయ్" అంది.

ఇంటికి వచ్చి, అలవాటు కొద్దీ ఆ చెవికి కుంకుమ బొట్టు పెట్టి, దేవుడి ముందు పెట్టబోయి ఆగాను. నా మంగళసూత్రానికి ఉన్న పిన్నీసులకి దాన్ని తగిలించుకున్నాను. నడిస్తే చప్పుడవుతుంది. అవనీ.