మా టైగర్ లేచి నిలబడిన రోజు

ఇవాళ మా పెరట్లో కుక్కపిల్ల, పక్కింటి మేకలు వేసిన పెంటికలు నములుతుంటే "అమ్మా, దీని కడుపు ఖరాబైతదే!" అని మా బిడ్డ కేక వేసింది. నాకు వెంటనే చిన్నప్పటి మా కొత్తవాడ ఇల్లు కళ్ళ ముందుకొచ్చింది.

కొత్తవాడ దోస్తులారా, మన వాడలో ఇంటింటా మగ్గం చప్పుడు, తడి రంగునూలు వాసన గుర్తున్నాయా? అప్పటి మా కుక్క టైగర్‌కూ మేకపెంటికలంటే ప్రాణం. ఒకసారి అవి తిని, వాంతులు, విరేచనాలతో కూలబడిపోయింది.

"ఇగ బతకదు బిడ్డా," అన్నాడు బాపు.

అక్కా నేనూ ఒప్పుకోలేదు. పాత జంపఖానాలో పడుకోబెట్టి, చెరో కొసా పట్టుకుని పశువుల దవాఖానకు మోసుకుపోయాం. డాక్టర్ సూది వేసి, "జర జర నీళ్ళు తాగిపియ్యుండ్రి, ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాడు. ఇంటికొచ్చి చెంచాతో తాగిస్తూ దాని పక్కనే కూర్చున్నాం.

మర్నాడు వాకిట్లో వీధికుక్కలు కొట్లాడుకుంటుంటే టైగర్ చెవులు నిక్కించింది. వణుకుతూ లేచి, గడప దాటి, బొంగురు గొంతుతో ఒక్క అరుపు అరిచింది. అవన్నీ పరుగో పరుగు!

"అక్కా, లేశిందే!" అని అరిచాను. అక్క దాన్ని భుజానికెత్తుకుంది. ఇద్దరం వాడంతా ఊరేగించాం. బాపు మగ్గం ఆపి, బయటికొచ్చి చప్పట్లు కొట్టాడు.