ఇంజినికి చదువు రాదన్న మా మామగారు

పోయిన నెలలో మా మామగారు పోయారు. పొద్దున వేలూరుకు వెళ్ళిన మా బస్సు సాయంత్రానికి గాని గుడియాత్తం తిరిగి రాదు. ఆ రోజు మధ్యాహ్నం మేము అన్నాలకు ఆకులు వేస్తుండగా వీధి మొదట్లో దాని చప్పుడు వినిపించింది. అత్తగారు చేతిలో ఆకు అట్లాగే పట్టుకుని, "ఈ పొద్దప్పుడేంది, బస్సొచ్చింది?" అన్నారు. బయటికి వచ్చి చూస్తే బస్సులో ప్రయాణికులు ఎవరూ లేరు. మావారు నడుపుతున్నారు. వెనక పొడుగు బల్ల మీద మామగారిని పడుకోబెట్టి ఆయన ఉత్తరీయమే కప్పి ఉంది. వేలూరులో బస్సులు నిలిచే చోట నీడన కూర్చుని మజ్జిగ తాగుతూ గుండె పట్టుకున్నారట. వైద్యుడు వచ్చేసరికి అంతా అయిపోయింది.

నేను చదివింది కొద్ది తరగతులే. నలుగురి ముందు నోరు తెరిచి మాట్లాడే అలవాటు లేదు. అయితే మా అత్తవారింట్లో అందరూ మాట్లాడేది తెలుగైనా, చదవడం రాయడం తమిళంలోనే. తెలుగు అక్షరాలు వచ్చింది చిత్తూరు వైపు నుంచి కోడలిగా వచ్చిన నాకొక్కదానికే. "మన మాటలో ఆయన్ని గురించి నాలుగు ముక్కలు రాయమ్మా, ఎవురన్నా చదవనీ" అని అత్తగారు అడిగారు. అందుకని రాస్తున్నాను. తప్పులుంటే చదివేవారు మన్నించాలి.

మామగారి తండ్రి కాలం నుంచి మాకు గుడియాత్తం బజారులో బెల్లం, చింతపండు అంగడి ఉంది. సరుకు వేలూరుకు ఎద్దుబండ్ల మీద పోయేది. ఈ వైపు మోటారు బస్సులు తిరగడం మొదలైన రోజుల్లో మామగారు బండ్లను, ఎద్దులను అమ్మి ఒక పాత బస్సు కొన్నారు. బజారంతా నవ్విందట. ఎద్దులు పోయినా వాటికి చేసే మర్యాదలు మాత్రం ఆయన వదల్లేదు. అమావాస్యనాడు ఎద్దును బండికి కట్టరు. అట్లాగే ఆ రోజు బస్సును కూడా బయటికి తీసేవారు కాదు. పొద్దున్నే ఇంజిను కాసేపు తిప్పి, వేడెక్కాక కింద మర విప్పి, లోపలి నూనెనంతా ఒక ఇనుప బానలోకి దించేవారు. ఆఖరి చుక్క పడేదాకా పక్కనే గొంతుకూర్చుని ఉండేవారు. తరువాత కొత్త నూనె పోసి, చేతులు కడుక్కుని, ముందు భాగానికి పసుపు కుంకుమ పెట్టేవారు.

అత్తగారికి అది చూస్తే ఒళ్ళు మండేది. "నా తలకు చమురు పెట్టుకొనేదానికి ఈ ఇంట్లో తీరిక ఉండదు. దీనికి మాత్రం నెలనెలా తలంటు!"

"నువ్వు తలంటు పోసుకోకుండా అలిగితే పస్తుండేది నేనొక్కన్నే. అది అలిగితే ఊరంతా నడిచి పోవాల" అనేవారు మామగారు.

మూకుట్లో మిగిలిన నూనెను కూడా వడగట్టి దాచుకునే ఇళ్ళు మావి. అటువంటిది ఇంత నూనె దించేస్తుంటే చుట్టుపక్కలవాళ్ళకు ప్రాణం ఉసూరుమనేది. "ఇంకా జారుడుగానే ఉండాది కదప్పా, ఎందుకు పారబోస్తావు?" అని ఎవరైనా అడిగితే ఆయన ఒక చుక్క వాళ్ళ వేళ్ళ మధ్య వేసేవారు. "రుద్ది చూడు. గరగరా అంటాది. పాలారు ఏటి ఇసకంతా దీన్లోనే ఉండాది." నిజానికి ఆయన ఏదీ పారబోసేవారు కాదు. ఆ నల్ల నూనెను బండ్లవాళ్ళు ఇరుసులకు తీసుకుపోయేవారు. మిగిలింది చెద పట్టకుండా మేము దూలాలకు పూసేవాళ్ళం.

మా బస్సు దారిలో నిలిచిపోయిందన్న మాట ఎవరూ వినలేదు. అది ఆయన చేతి చలవ అని కొందరు, దిష్టికి కట్టిన గుమ్మడికాయ మహిమ అని కొందరు అనుకునేవారు. అమావాస్య సంగతి ఎవరూ అనేవారు కాదు.

నా విషయంలో ఆయన చేసినవి చిన్న చిన్న పనులే. నేను నడవాలో ఉంటే గడప దగ్గరే ఆగి, దగ్గి, తరువాత లోపలికి వచ్చేవారు. నేను లేచి పక్కకు తప్పుకోవడానికి ఆ కాస్త వ్యవధి. వేలూరులో తెలుగు అచ్చు కాగితం ఏది కనిపించినా తెచ్చి గడప మీద పెట్టేవారు. "చదువు మర్చిపోబాకమ్మా." అందులో ఏముందో ఆయనకు తెలియదు. ఒకసారి పశువుల గాలికుంటు రోగం గురించిన పుస్తకం తెచ్చారు. నేను దాన్ని కూడా మొదటి నుంచి చివరిదాకా చదివాను.

ఒక ఎండాకాలం చెన్నపట్నం నుంచి ఒక నూనె కంపెనీ ఏజెంటు మా ఇంటికి వచ్చాడు. సన్నగా, చెమటలు కారుతూ, మెరిసే డబ్బా ఒకటి చేతిలో పట్టుకుని ఉన్నాడు. డబ్బా మీద పరుగెత్తే గుర్రం బొమ్మ. మామూలు నూనెకు రెండింతల ధర. మా మాట విని, తెలుగులో అచ్చువేసిన కరపత్రం ఒకటి ఇచ్చాడు. మామగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మా, కొంచెం చదివి చెప్తావా?" అని లోపలికి కేకవేశారు. పరాయి మనిషి వింటుండగా నేను ఎన్నడూ నోరెత్తలేదు. తలుపు వెనక నిలబడి చదివాను. ఈ నూనె పోస్తే ఇంజిను ఎన్నటికీ అరగదు. పెట్రోలు సగమే ఖర్చవుతుంది. మాటిమాటికీ మార్చే పని లేదు. ముసలి ఇంజినుకైనా పడుచుదనం వస్తుంది.

"నాకు కూడా ఒక గ్లాసు పొయ్యప్పా" అన్నారు మామగారు. ఏజెంటు కూడా నవ్వాడు.

"తమాషా కాదు పెద్దాయనా. రొంబ మంచి సరుకు. చదివినారు కదా."

"మేం చదివినాం. ఇంజినికి చదువు రాదు కదా నాయనా. డబ్బా మీద ఏం రాసుండాదో దానికేం తెలుసు? లోపల పోసినాక అదేమంటాదో విందాం."

మావారికి మొదటి నుంచీ ఆ నూనె మీద మనసు. మామగారు వద్దంటారేమోనని భయపడ్డారు. కాని ఆయన, "చూడకుండా నమ్మేది ఎంత తప్పో, చూడకుండా కాదనేది కూడా అంతే" అని డబ్బా తీసుకున్నారు. ఒక అమావాస్యకు గుర్రం నూనె, మరుసటి అమావాస్యకు పాత నూనె, అట్లా మార్చి మార్చి పోసి చూశారు. పాలారు ఇసుక దాటి బస్సు గట్టెక్కేటప్పుడు వెనక్కి తిరిగి పొగ చూసేవారు. వేలూరు చేరగానే ఇంజిను దగ్గర చెవి పెట్టేవారు. పెట్రోలు డబ్బాలు తానే చూసి పోసేవారు. ఇంటికి వచ్చాక అరుగు మీద కూర్చుని తెలిసింది తెలిసినట్టు చెప్పేవారు.

"మంచి నూనే. ఎండలకు పల్చబడదు. పొగ తగ్గింది, గట్టు మీద చప్పుడు మెత్తగా ఉండాది. పెట్రోలు మాత్రం ఎప్పుడూ తాగేదే తాగింది. నెల తిరిగేలోపల ఇదీ నల్లబడింది, ఇదీ గరగరమంటాది." అప్పటి నుంచి ఎండాకాలానికి ఆ నూనె, మిగిలిన కాలానికి పాత నూనె పోసేవారు. ఏది పోసినా అమావాస్యకు దించడం మాత్రం మానలేదు.

ఆ మాటల్లో ఏజెంటుకు కావలసింది మొదటి సగమే. ఒకరోజు వేలూరులో కెమెరాతో బొమ్మ తీసే అతన్ని వెంటబెట్టుకు వచ్చి, ఇంజిను మీద డబ్బా పెట్టి, పక్కన మామగారిని నిలబెట్టి బొమ్మ తీయించాడట. 'ఆగని బస్సు, అరగని ఇంజిను' అని ఆయన పేరుతో అచ్చువేస్తామన్నాడు. దానికి బదులు గుడియాత్తంలో ఆ నూనె అమ్మే ఏజెన్సీ మాకు, రెండో బస్సు కొనుక్కోవడానికి కంపెనీ సాయం. మావారు ఆ వారమంతా నేల మీద నడవలేదు. రెండో బస్సును నాట్రంపల్లి దాకా నడపాలని ఆయనకు ఎన్నాళ్ళ నుంచో కోరిక. దానికి వేసే రంగు కూడా నాకు చెప్పారు.

మామగారు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఇంతలో ఒక పొద్దున పళ్ళికొండ బస్సు యజమాని మా ఇంటికి వచ్చాడు. అతనిది మాకు పోటీ బస్సు. అరుగు ఎక్కకుండా వీధిలోనే నిలబడి అరిచాడు.

"నీ మొగం జూసి ఆ గుర్రం నూనె పోసినాను పెద్దాయనా! ఇంజిని కట్టె మాదిరి బిగుసుకోని పొయ్యింది. నడిరోడ్లో ఆడోళ్ళు, పిలకాయలు మూటలు నెత్తిన బెట్టుకోని నడిచినారు!"

"నూనె ఎప్పుడు దించినావు నాయనా?"

"దించేదా? అంత ఖరీదు బెట్టి కొని, నెయ్యి మాదిరి ఉండేదాన్ని పారబోస్తారా ఎవురన్నా? తక్కువయితే పైన కొంచెం కొంచెం పోస్తా వచ్చినాను. మార్చే పని లేదనే కదా ఆ ఏజెంటు చెప్పింది. గుడియాత్తం పెద్దాయన బస్సు దీంతోనే నిలబడకుండా పోతా ఉండాదని చెప్పినాడు. నేను కొనింది నూనె కాదప్పా, నీ పేరు!"

మామగారి ముఖం అట్లా వాడిపోవడం నేను అంతకుముందు చూడలేదు. ఉత్తరీయం భుజాన వేసుకుని, అతనితో పాటే పళ్ళికొండకు వెళ్ళారు. ఇంజిను విప్పితే లోపల నూనె లేదట, తారు ముద్ద ఉందట. అది బాగుపడేదాకా ఆయన అక్కడే ఉన్నారు. మా బస్సును మావారు ఒక్కరే నడిపారు.

తిరిగి వచ్చాక ఏజెంటును పిలిపించారు. మావారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు.

"నా పేరు వేసుకోండి. కానీ నేను చూసింది రాయాల. ఎండాకాలంలో పొగ, చప్పుడు తగ్గుతాది. నెలకొకసారి దించి తీరాల. బస్సు నిలబడకుండా పోయేది దీనివల్ల కాదు. ఇంతే."

ఏజెంటు డబ్బాను చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "అట్ల రాస్తే ఎవురు కొంటారు పెద్దాయనా? మంచి నూనె అని మీరే చెప్పినారు."

"మంచిదే. మంచిదాన్ని అమ్మేదానికి అంత పెద్ద అబద్ధం ఎందుకప్పా?"

"పైవాళ్ళు చెప్పమనిందే నేను చెప్పేది."

"తెలుసు నాయనా. నీ మీద కోపం లేదు. అన్నం తిని పో."

అతను తిని వెళ్ళాడు. ఏజెన్సీ పోయింది, రెండో బస్సూ పోయింది. మావారు తండ్రితో అన్నది ఒకటే మాట. "మీ పేరు మీకు మిగిలింది నాయనా. నాకేం మిగిలింది?" మామగారు తల వంచుకున్నారు. ఆ తరువాత ఇద్దరూ ఒకే బస్సులో పక్కపక్కనే కూర్చుని రోజూ వేలూరుకు పోయి వచ్చేవారు. పెట్రోలు, టైరు, పాలారులో నీళ్ళు, ఇవి తప్ప వాళ్ళ మధ్య వేరే మాట లేకుండా పోయింది. మామగారు పోయిన రోజు దాకా అంతే. నా భర్త కడుపులో ఉన్న బాధ అదేనని నాకు తెలుసు. ఎట్లా తీర్చాలో మాత్రం తెలియలేదు.

పెద్దదినం అయిన మర్నాడు ఏజెంటు వచ్చాడు. నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. కాసేపటికి మెల్లగా అసలు మాట ఎత్తాడు. కంపెనీవాళ్ళు ఇప్పటికీ సిద్ధంగా ఉన్నారట. ఏజెన్సీ మావారి పేరనే ఇస్తారట. "కాదనేదానికి ఆయన లేరు. మీరు సరే అంటే చాలు. పెద్దాయన పేరు ఊరూరా నిలబడతాది" అని సంచిలోంచి అట్ట మీద అంటించిన బొమ్మ తీశాడు. వేలూరులో ఆనాడు తీసింది. మేమెవరమూ దాన్ని అంతవరకు చూడలేదు.

మావారు అత్తగారి వైపు చూశారు. "నన్ను అడగబాక నాయనా. ఇప్పుడు నువ్వే కదా ఇంటికి పెద్ద" అన్నారు ఆమె. ఆయన బొమ్మను వెలుతురులోకి తీసుకుపోయారు.

"ఈ గీత ఏంది?"

బొమ్మ మీద, పైనుంచి కిందికి పెన్సిలు గీత ఒకటి ఉంది.

"అచ్చుకు కావలసింది అంతవరకే. డబ్బా, పెద్దాయన. ఆ పక్క ఉండేది కోసేస్తారు."

గీతకు ఆ పక్కన, బస్సు నడిపే చోట, మావారు కూర్చుని ఉన్నారు. చొక్కా చేతులు మడిచి, చక్రం పట్టుకుని, దూరంగా దారిని చూస్తున్నారు. నాట్రంపల్లి బస్సు కలలో ఉన్న రోజులవి. మామగారు బొమ్మ తీసే అతని వైపు చూడలేదు. డబ్బా వైపు చూడలేదు. మెడ పూర్తిగా తిప్పి కొడుకును చూస్తున్నారు.

మావారు ఆ గీత మీద బొటనవేలు ఆనించారు. "బొమ్మ మాకియ్యండి. పేరు నేనియ్యలేను."

"మరి రెండో బస్సు..."

"మెల్లిగా చూసుకుంటాం."

ఏజెంటు సంచి సర్దుకున్నాడు. బొమ్మను అక్కడే ఉంచి వెళ్ళిపోయాడు.

ఇప్పుడది మా నడవాలో గోడ మీద ఉంది. అత్తగారు రోజూ పొద్దున దాన్ని దించి, కొంగు అంచుతో ఆ గీతను తుడుస్తారు. పెన్సిలు నలుపు చాలావరకు పోయింది. గట్టిగా నొక్కి గీసినట్టున్నాడు, నొక్కు మాత్రం మిగిలింది. వీధి తలుపు తీసినప్పుడు పక్కనుంచి ఎండ పడితే అది తండ్రికీ కొడుక్కీ నడుమ సన్నగా మెరుస్తుంది. తలుపు వేస్తే కనిపించదు.