రెండు గిన్నెల మాకరోనీ

మాకరోనీ ఉడికిందా లేదా అన్న దాని మీద మా ఇంట్లో జరిగినన్ని తగాదాలు ఇంక దేని మీదా జరగలేదు. బయటివాళ్ళకి నవ్వొచ్చే సంగతే. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు.

ఎనభైల మొదట్లో మాట. గమ్హరియా దగ్గర ఒక కొత్త ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడానికి ఇటలీ నుంచి కొంతమంది ఇంజనీర్లు వచ్చారు. వాళ్ళు దిగిన గెస్ట్ హౌస్‌లో మా ఆయన వంటవాడు. అప్పటిదాకా ఆయన వండినవి అన్నం, పప్పు, చేపల పులుసు, చర్చి విందుల్లో బిర్యానీ. విజయనగరం వైపు నుంచి ఉక్కు కంపెనీ పనులకని వచ్చి ఈ హిందీవాళ్ళ ఊళ్ళో స్థిరపడ్డ మా చర్చి కుటుంబాల్లో ఏ పెళ్ళి జరిగినా గరిటె ఆయన చేతిలోనే ఉండేది.

ఆ ఇంజనీర్లలో ఒక పెద్దాయన ఉండేవాడు. బట్టతల, ఎర్రటి మెడ, గోడలు అదిరే గొంతు. మా ఆయనకి ఇటలీ వంట నేర్పింది ఆయనే. నేర్పడమంటే ఓపిగ్గా పక్కన నిలబడి చెప్పడం కాదు, తిట్టడం. కొత్తలో ఒకరోజు మాకరోనీ మెత్తగా ఉడికించి పెడితే పళ్ళెం ఎత్తి కిటికీలోంచి పారబోశాడట. "యే గోంద్ హై, గోంద్!" అని అరిచాడట. గోంద్ అంటే జిగురు. కూలీల దగ్గర నేర్చుకున్న హిందీ మరి. మా ఆయన ఇంటికొచ్చి చెబితే నాకు ఒళ్ళు మండిపోయింది.

"మానీ మావా ఆ పని. తిండి పారబోసినోడి కాడ నువ్వు సెయ్యక్కర్నేదు," అన్నాను. ఆయన మా మేనత్త కొడుకే కాబట్టి పెళ్ళయ్యాక కూడా మావా అనే పిలిచేదాన్ని.

"నువ్వూరుకోవే. ఆడు సెప్పిందాన్లో నాయముంది. లోపల కూసింత పలుకుండాలట. పంటికి తగలాలట," అన్నాడాయన.

పలుకట! మెతుకు నడుమ ఉడక్కుండా మిగిలిపోయే గట్టితనాన్ని మేం పలుకంటాం. మావాళ్ళలో వంటవాడి పరువు తియ్యడానికి వేరే తిట్టు అక్కర్లేదు, అన్నం పలుకుగా ఉందని ఒక్కరంటే చాలు. ఆ మాట పడకుండా ఇరవై ఏళ్ళు పెళ్ళిళ్ళకి వండిన మనిషిని పట్టుకుని, కావాలని పలుకు ఉంచి దించమంటున్నాడు ఆ మహానుభావుడు. అయినా ఆయన నేర్చుకున్నాడు. పొయ్యి దగ్గర నిలబడి ఒక్కొక్క ముక్క కొరికి చూసుకుంటూ నేర్చుకున్నాడు. చివరికి ఒక రాత్రి పెద్దాయన రెండోసారి వడ్డించుకుని తిని, ఉప్పు తక్కువైందని గట్టిగా తిట్టాడట. ఉప్పు గురించే తిట్టాడంటే మాకరోనీ సరిగ్గా కుదిరినట్టే కదా! మా ఆయన ఆ రాత్రి మిఠాయి పొట్లంతో ఇంటికొచ్చాడు.

ఫ్యాక్టరీలో పని అయిపోయాక ఇంజనీర్లు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. పెద్దాయన కూడా వెళ్ళిపోయాడు. గెస్ట్ హౌస్ మూసేశారు. యంత్రాల మరమ్మతులకని ఇద్దరో ముగ్గురో మాత్రం మిగిలారు. మళ్ళీ పెళ్ళి వంటలకి పోతాడులే అనుకున్నాను. ఆయన ఒప్పుకోలేదు. సీతారాండేరా పేటలో మా ఇంటి ముందు గదిలో బల్లలు వేయించి, హిందీలోనూ తెలుగులోనూ 'ఇటలీ హోటల్' అని బోర్డు రాయించాడు. తను నేర్చుకున్నది నేర్చుకున్నట్టు వండాలి, మనవాళ్ళు తిని బాగుందనాలి. ఆయన కోరిక అంతే. అంతకుమించి ఏదీ ఆయన బుర్రకి ఎక్కలేదు.

మొదటి ఆదివారం ఆరాధన అవగానే చర్చి చర్చంతా మా బల్లల మీదే ఉంది. టమాటా గుజ్జు, వెల్లుల్లి, పెరట్లో పెంచిన సబ్జా ఆకు, పైన డబ్బా ఛీజు తురుము. వాసనకి వీధిలో వాళ్ళు కూడా తొంగి చూశారు. అందరూ నోట్లో పెట్టుకున్నారు. తర్వాత ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

కంపెనీలో క్రేన్ నడిపే, మాకు బావ వరసైనాయన ముందు నోరు విప్పాడు. "పొయ్యిలోకి బొగ్గయిపోనాదేటి బావా? సగంలో దించీసినావు."

"అదలాగే ఉండాల. పంటికి తగలాల," అన్నాడు మా ఆయన.

"తగల్డవేటి, పన్నూడొచ్చేత్తాది!"

గది గదంతా నవ్వులే. గుంటూరు వైపు నుంచి వచ్చిన స్కూలు టీచరుగారు మర్యాదస్తురాలు. "రుచి బావుందండీ. నాది కట్టుడు పన్ను, అందుకని కాస్త భయం," అంది. చర్చి పెద్ద ఒకాయన, ప్రార్థన చేసి తిన్నాను కనక అరుగుతుందిలే అన్నాడు. ఆఖరికి మా పిల్లే, కన్న తండ్రి వంట తిని, "అమ్మా, యే తో కచ్చా హై!" అని అందరి ముందూ అరిచింది. దాని వీపు మీద ఒక్కటి వేశాను గానీ, ఉడకనిదాన్ని కచ్చా అనక ఇంకేమంటుంది?

ఆ రోజుల్లోనే ఊరి మధ్య బిష్టుపూర్‌లో ఒక పెద్ద హోటల్లో కూడా ఇటలీ వంటకాలు మొదలయ్యాయి. నడిపేది పంజాబీ ఆయన. బల్లల మీద తెల్లగుడ్డ, పక్కన ఫోర్కు. బోనస్ చేతికందగానే మావాళ్ళు సకుటుంబంగా అక్కడికి వెళ్ళొచ్చి, ఆ కబుర్లు చెప్పడానికి మా హోటల్‌కి వచ్చేవాళ్ళు. "అక్కడ నోట్లో పెడితే కరిగిపోతాది బావా. అదీ ఇటలీ అంటే," అనేవాడు క్రేను బావ. మా ఆయన ఒకసారి తనూ వెళ్ళి తినొచ్చాడు. మూతి ముడుచుకుని కూచుని, "అది మాకరోనీ కాదే. ఉప్పేసిన పాయసం," అన్నాడు.

పాయసమే గానీ జనం అక్కడికే పోతున్నారు. మా దగ్గర మధ్యాహ్నానికి సగం వంట మిగిలిపోతోంది. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఒక ఆదివారం పొద్దున్నే పొయ్యి పక్కన ఇంకో బొగ్గుల కుంపటి పెట్టి చెప్పేశాను.

"నీకో గిన్నె, నాకో గిన్నె. నీది నువ్వు దించుకో. నాది నేను ఉడకనిస్తాను."

"నా హోటల్లో జిగురొండుతావేటే?"

"ఒండుతాను. తినీవోడు మెచ్చాల గానీ ఒండీవోడు మెచ్చితే ఏటొత్తాది?"

నా గిన్నెలో మాకరోనీ నలిగేదాకా ఉడికింది. ఆవాలు, కరివేపాకు, పచ్చిమిరపకాయలు, గుప్పెడు ఎండు రొయ్యలు వేసి పోపు పెట్టాను. ఆ ఆదివారం గిన్నె అడుగు గీకి మరీ పెట్టించుకున్నారు. క్రేను బావ మూడుసార్లు వడ్డించుకున్నాడు. టీచరుగారు కట్టుడు పన్ను సంగతే మర్చిపోయింది. హోటల్ నిలబడింది. నా మాటే నెగ్గిందని ఈ రోజుకీ ఒప్పుకుంటాను, ఎందుకు ఒప్పుకోను?

మా ఆయన తన గిన్నె మాత్రం మానలేదు. మిగిలిన ఇటలీవాళ్ళు ఆదివారాలు సాయంత్రం వచ్చి అందులోంచే తినేవాళ్ళు. ఆ ఒక్క పూట ఆయన మొహం చూడాలి! కొన్నాళ్ళకి వాళ్ళూ దేశం వెళ్ళిపోయారు. అయినా రోజూ చిన్న గిన్నెడు పలుకు ఉంచి దించేవాడు. ఎవరూ అడక్కపోతే తనే తినేవాడు. ఎందుకు మావా అంటే, "ఎవలైనా వత్తే?" అనేవాడు.

ఒక ఆదివారం పిండి, నూనె తేవడానికి ఆయన జుగ్సలాయి బజారుకి వెళ్ళాడు. తిరిగొచ్చాక తన గిన్నె పెట్టుకుంటానన్నాడు. చర్చి వదిలారు, బల్లలు నిండాయి, నేను వడ్డిస్తున్నాను. వాకిట్లో ఒక కారు ఆగింది. అందులోంచి పెద్దాయన దిగాడు. అదే ఎర్ర మెడ. ఏదో యంత్రం పాడైతే నాలుగు రోజుల కోసం పిలిపించారట. పని చూసుకుని రైలుకి పోతూ, మా హోటల్ సంగతి ఎవరో చెబితే వచ్చాడు.

గరిటెతోనే ఎదురెళ్ళాను. "రుకియే సాబ్, ఓ ఆయేగా," ఆగండి, ఆయనొచ్చేస్తాడు అని నాకొచ్చిన హిందీలో అన్నాను. ఆయన గడియారం చూపించి, రైలుకి టైమైందన్నాడు. పక్క బల్ల మీద క్రేను బావ తింటున్న పళ్ళెం చూపించి, అదే పెట్టమన్నాడు. ఏం చేస్తాను? ఎండు రొయ్యలతో సహా పెట్టాను. గరిటె చేతిలోనే ఉంచుకున్నాను. నా ఇంట్లో పళ్ళెం విసిరితే మాత్రం ఊరుకునేది లేదని గట్టిగా అనుకున్నాను.

ఆయన విసరలేదు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు నమలకుండా ఆగాడు. తర్వాత వంచిన తల ఎత్తకుండా మొత్తం తినేశాడు. "బహుత్ అచ్ఛా, భాభీ," అన్నాడు.

"సూసినారేటి! ఇటలీవోడే మెచ్చుకున్నాడు!" అని క్రేను బావ లేచి చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. నేను పొంగిపోయాను.

అప్పుడే మా ఆయన సైకిల్ దిగాడు. పెద్దాయన్ని చూసి మొహం వెలిగిపోయింది. గబగబా చెయ్యి కలిపాడు. ఆ తర్వాత ఆయన కళ్ళు పళ్ళెం మీద పడ్డాయి. అడుగున రొయ్య తలకాయలు రెండు మిగిలున్నాయి.

"సాబ్, దస్ మినిట్. మై బనాతా హూఁ," అన్నాడు. పది నిమిషాల్లో తనే వండి పెడతాడట. పిండి సంచీ ఇంకా చంకలోనే ఉంది.

"నహీ, నహీ. బహుత్ అచ్ఛా థా. ఫస్ట్ క్లాస్," అని పెద్దాయన మా ఆయన భుజం తట్టి కారెక్కాడు.

ఆ రోజంతా పేటలో ఇదే కబురు. సాయంత్రం అంట్లు తోముతూ నేను పాట కూడా పాడుకున్నాను. మా ఆయన పెరట్లో సబ్జా మొక్క పక్కన కూచుని ఉన్నాడు. భోజనానికి రమ్మంటే రాలేదు.

"ఏటయినాది మావా? అందరి ముందూ మెచ్చుకున్నాడు కదా."

"నన్ను తిట్టనేదే," అన్నాడు.

"తిట్టనేదని ఏడుత్తావేటి? సోద్యం కాకపోతే!"

"నాను ఒండినాననుకునే తిన్నాడే ఆడు. అప్పుడైతే పళ్ళెం ఇసిరీసీవోడు. ఈడు నేర్సుకుంటాడని ఇసిరినాడప్పుడు. ఇప్పుడు ఈడింతే అనుకున్నాడు. పోన్లే పాపం అనీసి, బాగుందన్నాడు."

 చేతులు కొంగుకి తుడుచుకున్నాను. వెళ్ళి పక్కన కూచున్నాను.

మర్నాడు పొద్దున్న నేను లేచేసరికే ఆయన పొయ్యి అంటించాడు. ఒక్కటే గిన్నె పెట్టాడు. నీళ్ళు తెర్లాయి, మాకరోనీ పోశాడు. ఎప్పుడూ దించే వేళ వచ్చింది. నేను గుమ్మంలో నిలబడి ఆయన చెయ్యి వైపే చూస్తున్నాను. ఆయన దించలేదు. ముక్క తీసి కొరికి చూడను కూడా చూడలేదు. "ఎండు రొయ్యలు తే," అన్నాడు.

మధ్యాహ్నం క్రేను బావ డ్యూటీ దిగి వచ్చాడు. రెండు ముద్దలు తిని, పళ్ళెం మీంచి తలెత్తి మా ఆయన్ని చూశాడు.

"ఇప్పుడు తిరిగినాది బావా నీ సెయ్యి. ఇన్నాళ్ళకి వంటోడివయినావు."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మా ఆయన గరిటె తీసుకుని ఆ బల్ల దగ్గరికి వెళ్ళాడు. "మరికూసింత ఎయ్యనా?" అని అడిగాడు.