లద్దె పురుగు కులం

కనకవ్వను మీరు చూసి ఉండరు. చూసినా, మిర్చి చేలో నడుం వంచిన పదిమందిలో ఒకతె అనుకొని బస్సు కిటికీ మూసుకొని ఉంటారు. మరాఠీ సర్కారు కిందున్న సిరొంచ పక్కన మా తెలుగు వాడలో, మా ఇంటికి మూడిళ్ల అవతల ఉండేది. నలభై ఏళ్లు పరాయి చేలల్లో పురుగులు ఏరింది. ఆకు మీద రెట్ట చూసి అది ఏ పురుగుదో, ఎంత ఎదిగిందో చెప్పేది. ఆ విద్యకు ఏ సర్కారూ కాగితం ఇవ్వలేదు. నాకేమో పదో తరగతి పాసైన మరాఠీ కాగితం ఉంది, అందుకే వ్యవసాయ కచేరీలో గుమాస్తానయ్యాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆమె కంచె నిండా తిప్పతీగ పాకి ఉండేది. వాడలో ఎవరికి జ్వరమొచ్చినా ఆ తీగ కషాయమే. దాని మీద ఒక వింత పురుగు బతికేది. ఒంటి మీద రెండు కళ్లలాంటి మచ్చలు. రెక్కలొచ్చాక ముడుచుకుంటే అచ్చం ఎండుటాకు, విప్పితే లోపల పసుపు. ఎనభై ఐదు వానాకాలంలో నాగపూర్ నుంచి పురుగుల చదువు చదివిన సారొకాయన వచ్చి, దాన్ని చూసి అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. గుడ్లగూబ చిమ్మటలని పెద్ద కుటుంబమట. మిర్చిని నాశనం చేసే లద్దె పురుగూ అందులోదేనట. కానీ ఈ రకం చాలా అరుదు, తిప్పతీగ తప్ప మరో ఆకు ముట్టదు, ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా తనకు దొరకలేదన్నాడు. వచ్చే వానలకు మళ్లీ వస్తాను, అప్పటిదాకా కాపాడమన్నాడు. ఆయన మరాఠీని ఆమెకు తెలుగులో చెప్పింది నేనే.

కనకవ్వ మాట ఇచ్చింది. మేకలను తీగ దరిదాపులకు రానివ్వలేదు. కషాయానికి కూడా పురుగు లేని కొమ్మే కోసేది.

దసరా దాటాక లద్దె పురుగు మిర్చి చేల మీద పడింది. పురుగు ఎక్కడెక్కడుందో రాసుకోవడానికి మా కచేరీ సాహెబు వచ్చాడు. వెంట ఫారం పట్టుకొని నేను. కనకవ్వ కంచె దగ్గర ఆగి, తీగ మీది పురుగును చూసి ఇదేమిటన్నాడు.

"గిది లద్దె పురుగు కులమే సారూ, గని లద్దె పురుగు గాదు. మిర్చి జోలికి పోనే పోదు. జర గా ముచ్చట గూడ రాయుర్రి" అంది కనకవ్వ.

సాహెబుకు తెలుగు ముక్క రాదు. జీపెక్కే తొందర ఆయనది. ఫారంలో పురుగు పేరుకు ఒకటే గడి. కులమే గానీ అది కాదు అన్న మాటకు అందులో చోటు లేదు. "లష్కరీ అళీ" అని రాసి పారేశాను. అంటే లద్దె పురుగు. ఛీ, నా చదువు తగలబడ!

మూడో రోజు కనకవ్వ కూలికి పోయిన వేళ మందు చల్లేవాళ్లు వచ్చారు. కంచె తెల్లబడేదాకా పొడి కొట్టి, తీగను మొదలంటా నరికి కాల్చేశారు. కాగితంలో ఉన్నదే చేశామన్నారు. ఒక్కడైనా ఆమెను అడిగితే కదా! సాయంత్రం ఆమె వచ్చి ఆ బూడిదను కర్రతో చాలాసేపు కదిపింది.

వాడవాళ్లు ఊరుకుంటారా? "నువ్వే గద సాహెబుకు లద్దె పురుగని చెప్పినవ్! జరమొస్తే ఇగ ఏడికి పోవాలె?" అని పక్కింటి ఎల్లన్న మీదికొచ్చాడు.

"నేను గట్ల అనలే. కులమొక్కటైతే అందరు దొంగలేనా? మనల గట్లంటే ఊకుంటమా?" అని ఆమె అరిచింది. ఎవరూ నమ్మలేదు. నేను అక్కడే ఉన్నాను. నోరు మెదపలేదు. ఎనిమిది నెలలు ఆ నింద ఆమే మోసింది.

ఆషాఢంలో నాగపూర్ సారు వచ్చాడు. వట్టి కంచె ముందు నిలబడి ఏమైందని అడిగాడు. వాడంతా చేరింది. కనకవ్వ నా వైపు తిరిగింది.

"నువ్వే చెప్పు కొడుకా. నీకు మరాఠీ మంచిగొస్తది గద."

ఆమె సరిగ్గానే చెప్పింది, తప్పు రాసింది నేనేనని సారుకు మరాఠీలో చెప్పాను. మా వాడలో అప్పట్లో మరాఠీ తెలిసినవాళ్లు తక్కువ. జనం మా మొహాలు చూస్తున్నారు. నేను మెల్లగా జారుకోబోతుంటే కనకవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు. ఇప్పుడు గదే తెలుగుల చెప్పు. ఎల్లన్న ఇనాలె."