తిప్పకుండా ఉండలేని వరదరాజన్

సోగత్తూరు వరదరాజన్‌కు ఒకటే జబ్బు. ఎవరి మిద్దె మీదైనా డిష్షు వెంట్రుకవాసి పక్కకు తిరిగి కనబడిందంటే, దాన్ని సరిచేయందే ఆయనకు ముద్ద దిగదు. పేరుకు గొడుగులు బాగుచేసే అంగడి ఉంది. వానాకాలంలో ఇచ్చిన గొడుగు జనానికి ఎండాకాలంలో అందేది. అడగడానికి పోతే అంగట్లో మనిషి ఉండడు, ఎదురింటి మిద్దె మీద ఉంటాడు.

పెళ్లిచూపులనాడే జయప్రియకు తెలిసి ఉండాల్సింది. పాపారపట్టిలో వాళ్లింటికి వచ్చిన పెళ్లికొడుకు, కాఫీ తెచ్చిన పిల్లను వదిలేసి కిటికీలోంచి పక్కింటి మిద్దెను చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి కుర్చీ ఖాళీ. సిగ్గుపడి పారిపోయినాడని అందరూ మురిసిపోయారు. పక్కింటివాళ్లకు ఆ రోజు నుంచి ఉచిత ఛానెళ్లన్నీ అద్దంలా వచ్చాయి.

డిష్షు తిప్పేటప్పుడు టీవీ తెర మీద రెండు గీతలు కనబడతాయి. ఒకటి సిగ్నలు బలం, ఇంకొకటి గుణం. బలందేముంది, డిష్షును ఏ దిక్కుకు పెట్టినా ఎంతో కొంత చూపిస్తుంది. సరైన ఉపగ్రహం చిక్కితేనే గుణం వస్తుంది. వరదరాజన్ లోకాన్నంతా ఆ రెండు గీతలతోనే కొలిచేవాడు. రసం నోట్లో పోసుకుని, "బలం ఉంది, గుణం రాలేదు," అనేవాడు. బావమరిది గురించీ అదే మాట.

ఒకసారి పిక్కిలిలో చావింటికి పోయినాడు. పాడె ఎత్తబోతే ముగ్గురే తేలారు. నాలుగోవాడు మిద్దె మీది నుంచి "గుణం వచ్చెనా?" అని కేకేశాడు. లోపల ఏడుస్తున్న వాళ్లలో ఒకామె కళ్లు తుడుచుకుని, టీవీ పెట్టి చూసి, "వచ్చె," అని చెప్పి, ఆపిన చోటి నుంచి మళ్లీ ఏడుపు అందుకుంది.

మామూలుగా ఆయన మిద్దె మీద, జయప్రియ టీవీ ముందు. ఆమె సోగత్తూరులో "వచ్చె" అంటే ధర్మపురి రోడ్డు మీద, స్టాపు వచ్చిందని ఎవరో అరిచారనుకుని కండక్టర్లు బండి ఆపేవాళ్లు. పని నేర్పిన కొత్తలో ఆయన ఆమెకు ఒక రహస్యం చెప్పాడు. డిష్షు మెల్లకన్ను మనిషిలాంటిదట. ఎదురుగా చెట్టునో గోడనో చూస్తున్నట్టు ఉంటుంది గానీ, అది చూసేది వాటికి చాలా పైన, దాదాపు నడినెత్తి మీది ఆకాశాన్ని.

వాళ్ల వీధి చివర రామసామి, అన్నామలై అని అన్నదమ్ములు ఉన్నారు. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు, మాటలు మాత్రం లేవు. మారియమ్మ పండగలో కొట్టిన మేక తల పెద్దవాడింటికి పోవడం ఆచారం. ఒక ఏడు పొరబాటున అది తమ్ముడింటికి పోయింది. వాళ్లు చూసుకునేలోగా కూర ఉడికిపోయింది. అంతే. ఇప్పుడు తమ్ముడి కూతురు కలైవాణికి పెళ్లి కుదిరింది. అన్న గడపకు పిలుపు తాంబూలం పోలేదు. తమ్ముడి భార్య పూంగావనం జయప్రియ దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. పెదనాయన లేని పందిట్లో పిల్లను ఎట్లా కూర్చోబెట్టేదని. ఆమె మొగుడేమో, మేకతల కోసం నా తల వంచనంటాడట.

జయప్రియ ఇంటికొచ్చి ఇదంతా చెబితే వరదరాజన్ విన్నట్టే లేడు. గొడుగు కమ్మిని, డిష్షులు చూసే ఆగ్నేయానికి తిప్పి ఒంటికన్నుతో చూస్తున్నాడు.

ఆ వారమే రామసామి భార్య మాదమ్మ కేబులు తీయించేసి ఉచిత ఛానెళ్ల డిష్షు కొనింది. వరదరాజన్ వాళ్ల మిద్దె ఎక్కి, ముఖం చిట్లించి దిగాడు.

"కొబ్బరిచెట్టు అడ్డం వదినా. పక్క మిద్దె మీద పెడితేనే గుణం వస్తుంది."

మాదమ్మ ముఖం మాడిపోయింది. ఆయన అప్పటికే పక్కింట్లో ఉన్నాడు. ఒకే డిష్షుకు రెండు వైర్లు తగిలించే బుర్ర ఉందనీ, రెండిళ్లకీ బొమ్మ వస్తుందనీ పూంగావనానికి చెబుతున్నాడు. వచ్చే బొమ్మను వద్దనడానికి ఆమెకు మనసు రాలేదు.

జయప్రియ టీవీ దగ్గరికి పోబోతే ఆయన అడ్డం వచ్చాడు. "ఈమెకు గొంతు నొప్పి," అని అందరికీ చెప్పాడు. "రాత్రంతా దగ్గింది పాపం."

రాత్రంతా గురకపెట్టిన జయప్రియ నోరు తెరవబోయింది. ఆయన చూసిన చూపుకు మూసుకుంది. వేరే దారి లేక మాదమ్మ టీవీ ముందు కూర్చుంది. ఆమె మాట మిద్దె మీదికి చేరవేయడానికి పూంగావనం గోడ దగ్గర నిలబడింది.

మొదట్లో మాదమ్మ టీవీతో చెబుతున్నట్టు "పదిహేను" అనేది. పూంగావనం కొబ్బరిచెట్టుతో చెబుతున్నట్టు "పదిహేనంట" అనేది. కన్ను మూసుకుని గుణం పట్టగల వరదరాజన్‌కు ఆ రోజు మాత్రం ఏదీ కుదరలేదు. కుదిరినట్టే కుదిరి జారిపోయేది. జయప్రియకు పరువు పోతున్నట్టుండింది. ఎండ నెత్తికెక్కింది.

"ముప్పై... నలభై... పోయె," అంది మాదమ్మ.

"ఎట్లా పోతుంది? సరిగ్గా చూడక్కా," అనేసింది పూంగావనం.

అనేసి నాలుక కరుచుకుంది. మిద్దె మీద చెయ్యి ఆగింది.

"కళ్లు పొడుచుకుని చూస్తానే ఉండానే పూంగా," అంది మాదమ్మ గొంతు. "నీ మిద్దె మీద నిలబడినాయనకే చెయ్యి కుదరడం లేదు. ఎండలో ఉండావు, మజ్జిగ తాగుతావా?"

మజ్జిగ చెంబు గోడ దాటింది. ఆ తర్వాత అంకెలు తక్కువ, మాటలు ఎక్కువ. మేకతల మాట కూడా వచ్చింది. అందులో ఉప్పు ఎక్కువై ఎవరూ తినలేకపోయినారని పూంగావనం చెప్పగా, మాదమ్మ నవ్వు టీవీని మించి వినబడింది. వరదరాజన్ దిగబోతూ కావాలనే అన్నట్టు ఊగాడు. రామసామి పరుగెత్తుకొచ్చి, "నిచ్చెన పట్టుకోరా, మనిషి పడిపోతాడు," అని తమ్ముణ్ని తిట్టాడు. తమ్ముడు పట్టుకున్నాడు.

మరుసటి శుక్రవారం అన్న గడపకు తాంబూలం పోయింది.

ఆ సాయంత్రం జయప్రియ ఆయనను నిలదీసింది. "డిష్షు చూసేది చెట్టుకు పైన అన్నారే. మన డిష్షు ముందర ఇంకా పెద్ద కొబ్బరిచెట్టు ఉంది. మనకెట్లా వస్తా ఉంది?"

"నీకు గొంతు బాగైనట్టుండాదే," అన్నాడు వరదరాజన్.

అంతలో గాలి లేచింది. వీధి చివరి నుంచి కేకలు వినబడ్డాయి.

"పోయిందక్కా! నీకు వచ్చెనా?"

"లేదే! మీ ఆయన్ను మిద్దెక్కమను, మీ బావ టీవీ చూస్తాడు!"

"బోల్టు బిగించలేదా?" అంది జయప్రియ.

ఆయన చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ముఖమంతా చెమటలు. పోయి ఆ డిష్షు తిప్పకుండా ఉండటం ఎంత కష్టంగా ఉందో చూస్తే తెలుస్తోంది. జయప్రియ లేచి, స్పానరు తీసుకుపోయి రాగుల డబ్బాలో పూడ్చేసి వచ్చింది.

"రసం తాగండి," అంది. "ఈ రోజు గుణం వచ్చింది."