ముసుగు మామ టెర్మినల్ ఆపిన మధ్యాహ్నం

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండదని గట్టి నమ్మకం. (నమ్మింది నేనొక్కణ్ణే.) నాంపల్లిలో ఓ ప్రైవేటు దవాఖాన కంప్యూటర్ పనులు చూసే చిన్న కంపెనీలో అప్పుడే చేరాను. దవాఖాన మేడమీద ఒకటే కంప్యూటర్. కింద కౌంటర్లలో తెర, కీబోర్డు తప్ప మరేమీ లేని ఎనిమిది టెర్మినళ్లు. రెంటికీ నడుమ పొడుగాటి సీరియల్ తీగలు. ఏ తీగ మీద ఎవరున్నారో, ఎవరు లేచి వెళ్లారో చూసుకునేది కెర్నల్, అంటే కంప్యూటర్‌లో అన్ని ప్రోగ్రాములకూ పైనుండే మూల ప్రోగ్రాము. మాది పాత కెర్నల్. టెర్మినల్ ఆపేసినా పట్టించుకోదు, మళ్లీ వేస్తే పని ఆగినచోటే ఉండేది. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం కొన్న అట్టలేని పుస్తకంలో మాత్రం, టెర్మినల్ ఆగిందంటే మనిషి వెళ్లిపోయినట్టే, అతని పని మూసెయ్యాలని ఉంది. ఇంకేం, వారం రోజులు కూర్చుని కెర్నల్‌ను మార్చి, మేనేజర్ చేత భుజం తట్టించుకున్నాను.

రక్తం కౌంటర్‌లోని పెద్దాయన్ని అందరూ ముసుగు మామ అనేవారు. చాయ్‌కి లేచినప్పుడల్లా టెర్మినల్ ఆపేసి, దాని మీద పూల దుప్పటి ముక్క కప్పి వెళ్లేవాడు. కొత్త కెర్నల్ పెట్టిన సాయంత్రం ఎందుకని అడిగితే, "దానికి గూడ జర ఆరామ్ గావాలె గద బేటా, పొద్దుగాల సంది కాలుతున్నది" అన్నాడు. పగలబడి నవ్వానే గానీ, ఆ అలవాటుకూ నా మార్పుకూ లంకె ఉందని నా బుర్రకు తట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం బషీర్‌బాగ్‌లో పనిచేసే మేస్త్రీ ఒకాయన, కాన్పు కష్టమైన భార్యకు రక్తం కావాలని చీటీ ఇచ్చాడు. మామ ఆమె పేరు, వార్డు కొట్టి, పై ల్యాబు నుంచి గ్రూపు తెలిసేదాకా ఆ పేజీని అలాగే ఉంచి, టెర్మినల్ ఆపి, ముసుగేసి చాయ్‌కి వెళ్లాడు. మనిషి వెళ్లిపోయాడని నా కెర్నల్ ఆ పేజీని సేవ్ కాకముందే మూసేసింది. పైన పరీక్ష పూర్తయింది, గ్రూపు ఎక్కిద్దామంటే కంప్యూటర్‌లో పేరే లేదు, దాంతో నమూనా పక్కన పెట్టేశారు. తిరిగొచ్చిన మామ ఖాళీ తెర చూసి, పైవాళ్లే పని ముగించారనుకున్నాడు. మేస్త్రీ గంటన్నర బెంచీ మీదే కూర్చున్నాడు.

నా గొప్పతనం చూసుకుందామని కిందికి దిగితే, "సారూ, మా పేరు ఎప్పుడు పిలుస్తరు?" అని అతనే అడిగాడు. వెతికాను. లేదు. సంగతి అర్థమైంది. చీటీ పట్టుకుని పైకి పరిగెత్తి రక్తం ఇప్పించాను. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. ముందే అందివుంటే దక్కేదా అని డాక్టరమ్మను అడిగితే, చెప్పలేమంది.

ఆ సాయంత్రమే పాత కెర్నల్ పెట్టేసి, మామ దగ్గర తప్పంతా ఒప్పుకున్నాను. "నీదొక్కనిదే గాదు బేటా, నేను గూడ చాయ్ తాగొచ్చిన గద" అన్నాడు. ఆ తర్వాత ఆయన దుప్పటి తేలేదు.

పది రోజులకు మేస్త్రీ మొజంజాహీ మార్కెట్ నుంచి సీతాఫలాలు తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. "మీరే ఉరికిన్రంట సారూ. మీరు లేకుంటే మా ఆమె గూడ పోతుండె." చెబుదామని నోరు తెరిచి, పళ్లు బాగున్నాయన్నాను.

ఇప్పుడు ఒక్క లైను మార్చాలన్నా ముందు కౌంటర్ పక్కన రోజంతా కూర్చుంటాను. ఆఫీసు పిల్లలు నాది ముసలి చాదస్తమని నవ్వుతారు, నేనూ వాళ్లతో కలిసి నవ్వుతాను. అంతా తెలుసనుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకున్నా నవ్వే వస్తుంది. కానీ వాడు ఆ రోజు పళ్లు తీసుకున్నాడు, నిజం మాత్రం చెప్పలేదు.