పసుపు అడ్మిరల్

నా చిన్నప్పుడు పెన్‌పహాడ్ దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో సముద్రం చూసినవాళ్లు ఒక్కరూ లేరు గానీ, ఒక కెప్టెన్ మాత్రం ఉండేవాడు. ఆయన మా చిన్న మామ. అప్పటికి విజయవాడ రోడ్డు ఇంకా నాలుగు లైన్లు కాలేదు. గొర్రెలు కాసుకునే ఇంట పుట్టి, సూర్యాపేటలో కిరాయి గదిలో ఉండి చదివి, నౌకాదళంలో ఆఫీసరు కొలువుకు ఇంటర్వ్యూ నెగ్గాడు మామ. కబురు తెలిసిన రోజే మా తాతయ్య మందలో మంచి పొట్టేలును కోసి ఊరందరికీ దావత్ ఇచ్చాడు. చేరమని పిలుపు ఇంకా రావాలనీ, ఖాళీలు తక్కువైతే నెగ్గినవాళ్లకూ రాకపోవచ్చనీ మామ చెబుతూనే ఉన్నాడు. ఎవరు విన్నారు? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మొదటి మెట్టయినా ఎక్కకముందే ఊరు ఆయన్ను కెప్టెన్ చేసేసింది.

పిలుపు రాలేదు. మళ్లీ రాశాడు, మళ్లీ రాలేదు. ఈలోగా వయసు దాటిపోయింది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అయినా తాతయ్య "మా కెప్టెన్" అనడం మానలేదు. బస్సు దిగినా, చాయ్ హోటల్ ముందు నుంచి నడిచినా "ఏం కెప్టెన్, ఓడ కదిలిందా?" అని ఎవరో ఒకరు పలకరించేవారు. అది ఎగతాళి కాదు, ప్రేమే. అందుకే మామ ఎవరి మీదా కోపం తెచ్చుకోలేకపోయాడు. దావత్ తిన్న ఊరికి ఏం చెప్పాలో తెలియక బయట తిరగడమే తగ్గించాడు.

వేసవి సెలవుల్లో ఒకరోజు, కోసిన వరిమళ్లలో గొర్రెలు మేస్తుండగా నేనూ అలాంటి ప్రశ్నే అడిగాను, ఓడ ఎప్పుడొస్తుందని. మామ, ఇంటర్వ్యూ కోసం చదువుకున్న పాత ఇంగ్లండు నౌకాదళం కథ ఎత్తుకున్నాడు. చిన్నతనంలోనే ఓడెక్కినవాడు మిడ్‌షిప్‌మన్, ఆ పైన లెఫ్టినెంట్, కమాండర్, కెప్టెన్. కెప్టెన్ అయ్యాక పైకి పోవడానికి తెలివితో పనిలేదట. ముందున్నవాళ్లు పోతుంటే వరస జరుగుతుంది, అంతే. యుద్ధాలు ఆగి ఓడలు మూలపడ్డాక ఎందరో ఆఫీసర్లు సగం జీతంతో ఒడ్డునే ముసలివాళ్లయ్యారట.

"ఓపికతోని బతికిన కెప్టెన్లను ఆఖర్కి అడ్మిరల్ జేసిన్రు బిడ్డా. గని ఓడ ఇయ్యలే. గాళ్ల దళాలకు ఎర్ర, తెల్ల, నీలి జెండాలుండె. పసుపు దళం అసల్కే లేదు. గందుకే గీళ్లను పసుపు అడ్మిరల్ అన్నరు. లేని దళానికి పెద్దలన్నట్టు."

"మరి గాళ్లేం జేసిన్రు మామా?"

"ఏం జేస్తరు? అడ్మిరల్ అని పిలిస్తే పలికిన్రు."

ఆ సాయంత్రం గొర్రెలను దొడ్లోకి తోలాక తాతయ్య వాకిట్లోంచి కేకేశాడు, "కెప్టెన్, కాళ్లు కడుక్కొని రా, తిందాం" అని. మామ ఉన్నచోటు నుంచి కదలలేదు.

"నాయినా, ఇగ నన్ను గట్ల పిలవకు. నాకు ఓడ రాదు. నీకు తెల్వదా?"

తాతయ్య నోరు తెరిచాడు. అసలు పేరుతో పిలవబోయాడు కాబోలు, అన్నేళ్లుగా అలవాటు తప్పిన ఆ పేరు నోటికి రాలేదు. కన్నకొడుకును ఏమని పిలవాలో తెలియక ఆ ముసలాయన నిలబడి ఏడ్చాడు. మామ ఓదార్చలేదు. నాకు ఇద్దరి మీదా జాలేసింది.

ఆ తర్వాత తాతయ్య ఇంట్లో కెప్టెన్ అన్న మాట వినపడలేదు. దాని స్థానంలో మరో మాటా రాలేదు. మామ ఇంకే పరీక్షా రాయలేదు. మంద వెంట మేతకు హాలియా వైపు పోతే నెలల తరబడి అటే ఉండిపోయేవాడు. తాతయ్య కన్నుమూసిన నాటికి కూడా అక్కడే ఉన్నాడు. ఆశ మనిషిని బతికిస్తుందంటారు. పదిమంది కలిసి ఒకడి నెత్తిన పెట్టిన ఆశ వాణ్ని ఎలా తినేస్తుందో నేను కళ్లారా చూశాను.

ఇప్పుడు నా తలా నెరిసింది. కొలువు కోసం ఎదురుచూస్తున్న పిల్లలు మా ఇంటికొస్తే అందరూ ఏమైంది, వచ్చిందా అని అడుగుతారు. నేను అడగను. వాళ్లమ్మ పెట్టిన పేరుతో పిలిచి, అన్నం పెడతాను.